మా వదిన హౌజు

నీళ్ల వేడి చూడాలంటే మోచెయ్యి ముంచాలనేది మా వదిన. అరచెయ్యి అబద్ధం చెప్తుందట.

మా అన్న మందమర్రి బొగ్గుగనిలో పనిచేసేవాడు. కంపెనీ బొగ్గు ఊరికే ఇచ్చేది. కాలనీలో ఏ ఇంటి ముందు చూసినా బొగ్గు పొయ్యి, దానిమీద నీళ్ల గంగాళం. ఆ పొగకు అన్నకు ఆయాసం ఎక్కువై దమ్ము అందేది కాదు. గనిలో దుమ్ము ఎట్లాగూ తప్పదు, ఇంట్లో పొగైనా తప్పించాలని వదిన పట్టుబట్టింది. పాత ఇనుప గొట్టాలకు మసి, ఆముదం కలిపి పూసి ఇంటి పెంకుల మీద పరిపించింది. పొద్దున వాటిలో నింపిన నీళ్లు ఎండకు కాగి, సాయంత్రం పెరట్లోని హౌజులోకి, అంటే పెద్ద నీళ్ల తొట్టిలోకి దిగాలని ఆమె ఆలోచన.

"బొగ్గు ఫుకట్ల దొరికే ఊర్ల ఎండను అడుక్కుంటున్నవా వదినా?" అని నవ్వాను.

"బొగ్గు మీ అన్న దమ్ము తింటుంది తమ్మీ. ఎండ ఎవ్వల దమ్ము తినదు."

ఆ చలికాలం ఒక సాయంత్రం అన్న గని నుంచి వచ్చి హౌజులో మెడదాకా కూర్చున్నాడు. దగ్గు రాలేదు. "పాణం లేసొచ్చినట్టుందే" అన్నాడు.

వదిన నావైపు చూసింది. మోచెయ్యి ముంచాను. నీళ్లు వెచ్చగా ఉన్నాయి.

"ఇయ్యాల ఎండ మంచిగ కొట్టింది" అన్నాను. ఆమెను మెచ్చుకోవడానికి నాకు నోరు రాలేదు. అది నా చిన్నబుద్ధి.

అంతలో పక్కింటామె గోడమీది నుంచి తొంగిచూసింది. "పొగ లేదు, పొయ్యి లేదు. నీళ్లెట్ల కాగినయే?"

"ఎండ మంచిగ కొట్టిందట. మా మరిదినడుగు" అంది వదిన.

సిగ్గుతో తల వంచుకున్నాను. తర్వాత కాలనీ అంతా వినేటట్టు చెప్పాను: "ఎండ అందరి ఇండ్లమీద పడ్డదక్కా. నీళ్లు మా వదిన ఇంట్లనే కాగినయి."