అమ్మకు మిగిలిన మాట

పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయాక అమ్మ నోట ఒక్క మాటే మిగిలింది: ఆమెన్. మంచినీళ్లు కావాలన్నా ఆమెన్. పక్క తడిసినా ఆమెన్. ఫ్యాను ఆపమన్నా, దిండు సర్దమన్నా అదే. కొందరికి ఇలా జరుగుతుందనీ, బాగా అలవాటైన మాట ఒకటి నిలిచిపోతుందనీ డాక్టరు నాన్నకు హిందీలో చెప్పాడు. మిగతావి తిరిగి వస్తాయో రావో చెప్పలేనన్నాడు. రాలేదు. పోయేదాకా అమ్మ ఆ మాటతోనే గడిపింది.

అప్పుడు నేను కాలేజీ మాని, బి.ఎ.కి ప్రైవేటుగా చదువుకుంటున్నాను. నాన్నకు ఉక్కు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ; ఆ ఉద్యోగం కోసమే ఈ హిందీ ఊరికి వచ్చాం. మా క్వార్టర్లో ఉన్నవి రెండే గదులు. అమ్మ మంచం ముందుగదిలో, నేను ఎప్పుడూ వంటింట్లో. సిగ్డీ పొయ్యిలో బొగ్గులు రాజెయ్యడం, కుళాయి ఆగిపోయేలోపల బకెట్లు నింపుకోవడం, దుప్పట్లు ఉతకడం, ఆరేసినవాటి మీద ప్లాంటు ఎర్రదుమ్ము పడితే మళ్లీ జాడించడం. పుస్తకం తెరిచి కాస్త చదివేసరికి ఆమెన్ వినిపించేది. నీళ్లిస్తే తల అడ్డంగా ఊపేది. దిండు సర్దినా అంతే. ఏం కావాలో తెలిసేసరికి ఇద్దరికీ ఏడుపొచ్చేది.

ఆదివారాలు సంఘంవాళ్లు చూడడానికి వచ్చేవారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే అమ్మ మధ్యమధ్య ఆమెన్ అనేది. విజయనగరం వైపు పెద్దమ్మ ఒకావిడ ఒకసారి కళ్లు తుడుచుకుని నాతో, "ఏటి విశ్వాసమే మీయమ్మది. నోరు పడిపోయినా పెబువుని మరిసిపోనేదు. నువ్వూ ఉన్నావు, సంఘంలో ఒక్కనాడు నోరిప్పి పార్తన సెయ్యవు," అంది. అమ్మకు అప్పుడు కావలసింది బెడ్‌పాన్. అది నాకు తెలుసు. అంతమంది మగవాళ్ల ముందు చెప్పలేకపోయాను. వాళ్లు టీ తాగి వెళ్లేదాకా అమ్మ ఆమెన్ అంటూనే ఉంది, వాళ్లు సంతోషిస్తూనే ఉన్నారు.

పెద్దమ్మ అన్నది నిజమే. నలుగురిలో ప్రార్థన చెయ్యమంటే నాకు గొంతు పెగిలేది కాదు. నా వంతు వస్తే పక్కన కూర్చున్న అమ్మే అందుకునేది. దేవుడితో నా మాటలన్నీ డైరీలోనే. ఇప్పుడు దానికీ తీరిక లేక, వంటింట్లో బొగ్గులు విసురుతూ పైకే చెప్పుకోవడం మొదలుపెట్టాను. గొప్ప ప్రార్థనలేం కావు. ప్రభువా, బొగ్గు తడిసింది, అంటుకునేలా చెయ్యి. పక్కింటి దీదీ మా తీగమీద బట్టలు ఆరేసుకుంది, దెబ్బలాడకుండా చూడు. నాన్న సుపేలా సంత నుంచి తెచ్చిన వంకాయలన్నీ పుచ్చులే, ఆయన్ని ఏమీ అనకుండా చూడు. అలా చెప్పుకున్నాక మనసు కొంచెం తేలికపడేది. అంతలోనే ముందుగదిలోంచి ఆమెన్ వినిపించేది. చేతులు కడుక్కుని పరుగెత్తేదాన్ని. ఏమీ అక్కర్లేదని తల ఊపేది. ఊరికే పిలిచిందని విసుక్కుంటూ తిరిగి వచ్చేదాన్ని.

పరీక్షలు దగ్గరపడ్డ వేసవిలో ఒక మధ్యాహ్నం కుళాయి రాలేదు. అప్పుడే మార్చిన దుప్పటిని అమ్మ మళ్లీ తడుపుకుంది. మొహం చూడకుండా, మాట్లాడకుండా మార్చాను. వంటింటి గడప మీద కూలబడి, "ప్రభువా, అమ్మంటే విసుగొచ్చేసింది. నాకు ఓపికియ్యి. లేకపోతే ఏదో ఒక మాట అనేస్తాను," అన్నాను.

"ఆమెన్," అంది అమ్మ.

నా మాట పూర్తయ్యాక ఒక్క క్షణం ఆగి, ఒకప్పుడు సంఘంలో అన్నట్టే మెల్లగా అంది. లేచి వెళ్లడానికి భయం వేసింది. వెళ్లాను. ఆమె కళ్ల చివరలనుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. బొగ్గు గురించీ, వంకాయల గురించీ, అన్నీ వింటూనే ఉంది. చివరికి తనమీద నేను చెప్పుకున్నది కూడా విని, నా పక్షానే ఆమెన్ అంది. ఏం కావాలని అడగలేదు. మంచం పక్కన కూర్చుంటే ఎడమచెయ్యి నా తలమీద పెట్టింది.

ఓపిక ఆ రోజే వచ్చేసిందని చెప్పను. తరవాత కూడా విసుక్కున్నాను. కాని ఆ సాయంత్రం మంచం పక్కన చాప వేసుకుని, ఆమెకు వినిపించేలా ప్రార్థన మొదలుపెట్టాను. అమ్మకు మాటలు తిరిగి ఇమ్మని అడుగుదామనుకున్నాను. ఆమెన్ అనడానికి కాచుకుని ఆమె నా మొహంలోకే చూస్తోంది. అడగలేకపోయాను. కుళాయిలో నీళ్లు రప్పించమని అడిగాను.