పేను మందు అసలు పేరు

కలిదిండి మండలం ఏలూరు జిల్లాలో కలిసిన ఏడాది నన్ను ఏలూరులోని ఒక పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి హెడ్ నర్సుగా వేశారు. కొల్లేటి చేపల చెరువుల కేసులు మా దగ్గరికే వచ్చేవి.

చేపల ఒంటిని పట్టి రక్తం పీల్చే పురుగును అక్కడ పేను అంటారు. అది పడితే చెరువులో మందు చల్లుతారు. రైతు డబ్బాలు ఇంట్లోనే ఉంచుకుని, కూలీలకు మందును ఖాళీ నీళ్ల సీసాల్లో పోసి పంపుతాడు. తాను ఏది వాడుతున్నాడో పక్క చెరువు వాళ్లకు తెలియకూడదని అలా చేస్తాడు. గట్టు మీద అన్నిటికీ ఒకటే పేరు, పేను మందు.

ఒక మధ్యాహ్నం ఏసేబు అనే కూలీని తెచ్చారు. ఎదురుగాలికి మందు ముఖాన పడిందట. ఆరోగ్య కేంద్రం పంపిన చీటీలోనూ ‘పేను మందు’ అనే ఉంది. నోట నురగ, ఊపిరి అందడం లేదు. డ్యూటీ డాక్టరు లక్షణాలను బట్టి చికిత్స మొదలుపెట్టి, మందేదో కనుక్కోమన్నారు. మందును బట్టి విరుగుడు మారుతుంది.

రైతుకు ఫోన్ చేశాను.

“పేను మందేనండీ.”

“ఏ పేను మందండీ?”

“అందరూ వేసేదేనండీ.”

“డబ్బా మీద పేరు చెప్పండి.”

“చెబితే రేపు ఊరంతా అదే వేస్తారండీ సిస్టర్ గారూ!”

“చెప్పకపోతే రేపు మీ చెరువులో దిగడానికి ఏసేబు ఉండడండీ.”

తాను భీమడోలులో ఉన్నానని, ఇంటికెళ్లి డబ్బా చూసి చెబుతానని అన్నాడు.

“ప్రార్థన చెయ్యండి సిస్టరమ్మగారూ,” అంది ఏసేబు భార్య మార్తమ్మ. మా సంఘంలో స్త్రీల ప్రార్థనలు నడిపేదాన్ని. అతని తల మీద చెయ్యి వేసి ప్రార్థించాను. దేవునికి ఆ మందు పేరు చెప్పనక్కరలేదు. డాక్టరుకు చెప్పాలి.

రైతు ఫోన్ వచ్చేసరికి ఏసేబు వెంటిలేటర్ మీద ఉన్నాడు. రెండు మందులు కలిపారట. డాక్టరు చికిత్స మార్చారు. మర్నాడు ఏసేబు చనిపోయాడు. పేరు ముందే తెలిస్తే బతికేవాడా అని మార్తమ్మ అడిగింది. డాక్టరు అవునని గానీ కాదని గానీ చెప్పలేకపోయారు.

తర్వాత మేమూ ఆరోగ్య కేంద్రాల వాళ్లూ కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. చీటీలో డబ్బా మీది రసాయనం పేరే రాయాలి. తెలియకపోతే ‘పేరు తెలియదు’ అని రాయాలి. తెలియదని ఉంటే ఎవరో ఒకరు ఆరా తీస్తారు. పేను మందు అని ఉంటే తెలిసినట్టే అనుకుంటారు.

నేను రిటైరయ్యేనాటికి చీటీలు మారాయి, నీళ్ల సీసాలు మారలేదు. ఆసుపత్రిలో మాటలు సరిచేసుకుంటే చాలదని ఆ కేసు నేర్పింది. డబ్బాలోంచి సీసాలోకి పోసినచోటే మందు పేరు పోతోంది. అక్కడికి మేం ఎవరమూ వెళ్లలేదు.