కుడికాలి సాలు

ఈ రోజు పొద్దున కల్లంలో ఎండబోసిన మిరపకాయలు తిరగేశాను. మా వైపు ఆ పని కాళ్ళతోనే చేస్తాం. కాయల్లో పాదాలు ఈడ్చుకుంటూ నడిస్తే వెనక సాళ్ళు పడి, కింది కాయ పైకొస్తుంది.

పక్క కల్లం కోటమ్మ వచ్చి చూసింది. "ఏం వదినా, ఎడంకాలి సాల్లో కాయ బాగానే తిరగబడింది. కుడి సాల్లో మాత్రం పడుకున్నది పడుకున్నట్టే ఉందే?"

"కుడి తుంటి కీలు అరిగిందంట. నొప్పికి జడిసి ఆ కాలు వెనక్కి పూర్తిగా చాపట్లేదంట. అక్కడి కండ నీరసించి, ఒళ్ళు ఆ పక్కకే ఒరుగుతోందన్నాడు డాక్టరు."

"నిరుడూ కుంటుతూనే తిరగేశావుగా. అప్పుడు కాయ బాగానే తిరగబడిందే?"

నిరుడు మా ఆయన ఉన్నారు. నా వెనకే, ఎప్పుడూ కుడి పక్కనే నడిచేవారు. ఎడం పక్కంతా ఖాళీగా ఉంటే ఇటే ఎందుకని విసుక్కున్నా పక్క మారేవారు కాదు. నా కుడికాలి సాల్లోనే మళ్ళీ నడిచేవారని ఇవాళ తెలిసింది.

ఆ సాళ్ళలో నేనే ఎడంకాలితో రెండోసారి నడిచి ఇంటికొచ్చాను. మీ నడకలో తేడాని మీకన్నా ముందు కనిపెట్టేది ఎవరో ఈ పోస్టు కింద రాయండి. ఈ సాయంత్రం చదువుకోవడానికి నాకేదో ఒకటి ఉంటుంది.