ప్రూఫా, పాలిషా, వాడకమా?

మావయ్యగారి లెక్కలో ఈ లోకంలో మూడే జాతులు: ప్రూఫ్, పాలిష్, వాడకం. నాణేలకే కాదు, మనుషులకీ, వంకాయలకీ కూడా అంతే. చొక్కా జేబులోంచి భూతద్దం తీస్తారు, ఒక కన్ను మూస్తారు, తీర్పు చెప్పేస్తారు. దాని మీద అప్పీలు లేదు.

కాఫీ ఇస్తే గ్లాసులోకి భూతద్దం. “పాలిష్! పైన నురగ, కింద నీళ్ళు.”

“రేపట్నుంచి మీరే పెట్టుకోండి,” అంటుంది అత్తయ్య. ఆ రేపు ముప్పై ఏళ్ళుగా రాలేదు.

ఎదురింటి అల్లుణ్ణి “పాలిష్” అన్నందుకు ఆ ఇంటివాళ్ళు ఆర్నెల్లు ఈ గడప తొక్కలేదు. కోడలికి దక్కిన తీర్పు వేరు. పెళ్ళికి ముందు తొలిసారి చూసిన రోజే ఆయన అత్తయ్య చెవిలో “వాడకం” అన్నారు. జీవితమంతా మిషన్ల రొదలో పనిచేసిన మనిషి గుసగుస కాబట్టి గదిలో అందరికీ వినిపించింది. చేతులు మారి మారి అరిగిన చిల్లర నాణెమా తను? ఆ మాట కోడలి గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఆయన చేసిన పని టంకశాలలో నాణేల అచ్చుల తయారీ. అందుకే నాణెం పేరెత్తితే పూనకం.

“ప్రూఫ్ అంటే మెరుగు పెట్టేది అచ్చుకమ్మా! ఆ అచ్చుతో ఒకటికి రెండు దెబ్బలు వేస్తే నాణెం మెరుస్తూ పుడుతుంది. పుట్టాక గుడ్డతో తోమితే అది పాలిష్!”

ఒకసారి కొట్టువాడు నాణేన్ని చొక్కాకి రుద్ది ఇవ్వబోతే, “దాని మొహం తోమావంటే నీ మొహం తోముతా,” అని మీదికి వెళ్ళారు.

పదకొండేళ్ళు వెతికితే ఆయనకి ఓడ బొమ్మ ఉన్న ప్రూఫ్ నాణెం ఒకటి దొరికింది. “పాలిష్ అయ్యుంటుందిలే,” అంటూ నాణేల సంఘంలో రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు అందరిముందూ తీసిపారేశాడు. ఆదివారం ప్రదర్శనలో అతని నోరు మూయించాలని మావయ్యగారి పంతం.

శనివారం పొద్దున నాణెం పెట్టె తెరిచి, చీటీ రాయబోతూ కలం కోసం లోపలికి వెళ్ళారు. అది కోడలి కంటపడింది. బొమ్మ చుట్టూ నాణెం నేలంతా అద్దంలా ఉంది. ఓడ మీద మాత్రం తెల్లగా, పొగమంచులా ఏదో పేరుకుంది.

‘అయ్యో, రేపు పదిమందిలో పెట్టేదానికి ఈ బూజేమిటి?’ అనుకుంది. పళ్ళపొడి తెచ్చి చూపుడువేలితో గుండ్రంగా, ఓపిగ్గా రుద్దింది. ఓడ కూడా తళతళలాడింది.

“చూడండి మావయ్యగారూ! ఈసారైనా నన్ను మెచ్చుకోవాలి!”

ఆయన భూతద్దం పెట్టారు. చాలాసేపు తీయలేదు.

“బాగా... మెరుస్తోందమ్మా,” అన్నారు.

తీర్పు లేకుండా భూతద్దం జేబులోకి వెళ్ళడం అదే మొదలు. మెప్పే అనుకుని కోడలు పొంగిపోయింది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. పోస్ట్‌మాస్టరు ముందువరసలోనే ఉన్నాడు. మావయ్యగారు గొంతు సవరించుకున్నారు.

“ప్రూఫ్‌లో నేల అద్దంలా ఉంటుంది, బొమ్మ మీద తెల్లటి మంచు ఉంటుంది. ఆ మంచే దాని ప్రాణం. తోమితే ముందు పోయేది అదే. పోతే ఎలా ఉంటుందో ఇదిగో, ఇందులో చూడండి!”

కోడలూ భూతద్దంలోకి వంగింది. ఓడ మీద మంచు లేదు. చుట్టూ సన్నటి గీతలు, గుండ్రంగా, గుండ్రంగా. సరిగ్గా తన వేలు తిరిగిన దారే!

“నే చెప్పలా, పాలిషని!” పోస్ట్‌మాస్టరు లేచి నిలబడ్డాడు.

“పుట్టడం ప్రూఫే. నిన్ననే పాలిష్ అయింది.”

“ఎవరి ఘనకార్యమో?”

కోడలు నోరు తెరవబోయింది.

“నాదే,” అన్నారు మావయ్యగారు. “చెయ్యి దురద పెట్టింది. పళ్ళపొడితో తోమాను.”

హాలు పగలబడి నవ్వింది. “పదకొండేళ్ళు వెతికి పళ్ళపొడి పెట్టాడయ్యా!” అంటూ పోస్ట్‌మాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు. అందరికంటే పెద్దగా నవ్వింది మావయ్యగారే.

బస్సులో కోడలు ముక్కు ఎగబీల్చింది. “నా పేరు చెప్పాల్సింది మావయ్యగారూ.”

“ఎందుకూ? నా దగ్గర ప్రూఫ్‌లున్నాయి, వాడకాలున్నాయి. చూపించడానికి మంచి పాలిష్ ముక్కే లేదు. సందు కూడా వదలకుండా ఎంత శ్రద్ధగా తోమావే! పనంటే అలా ఉండాలి.”

“మరి ఆరోజు నన్ను వాడకం అన్నారుగా?”

ఆయన ఉలిక్కిపడ్డారు. “వినబడిందా?”

“వీధివీధంతా వినబడింది.”

“అది తిట్టనుకున్నావా పిచ్చితల్లీ! ప్రూఫ్‌ని పెట్టెలో దాచుకోవాలి, ముట్టుకోడానికే భయం. రోజూ చేతిలో ఉండి బతుకు నడిపేది వాడకమే. మీ అత్తయ్యని చూసినప్పుడూ మా అమ్మతో ఆ మాటే అన్నాను.”

ఇంటికి చేరగానే అత్తయ్య కాఫీ తెచ్చింది. కోడలు మావయ్యగారి జేబులోంచి భూతద్దం లాగి, ఒక కన్ను మూసి, గ్లాసులోకి చూసింది.

“పాలిష్!”

“ఓరి దేవుడా,” అంది అత్తయ్య నెత్తి కొట్టుకుంటూ, “ఇంకో ముప్పై ఏళ్ళా!”