రిబ్బను కట్టిన ఫైరింజను

మా ఊళ్లో అగ్నిమాపక దళమంటే జీతాల్లేని ఆరుగురు మనుషులు. ఫైరింజను నడిపేది సెలూనాయన. సైరన్ మోగిందంటే చేతిలో కత్తెర ఎక్కడిదక్కడ పడేసి పరిగెడతాడు. అందుకే అప్పుడప్పుడూ ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో ఉన్నవాళ్లు వీధిలో కనిపిస్తుంటారు. వాళ్లను చూడగానే "ఎక్కడ అంటుకుంది?" అని అడగడం మాకు అలవాటు.

నిజానికి మంటలకన్నా ఇతర పిలుపులే ఎక్కువ. ఒకసారి ఒక పెద్దావిడ టీవీ రావడం లేదని పిలిచింది. సెలూనాయన హెల్మెట్‌తోనే వెళ్లి వైరు సరిచేసి వచ్చాడు. "ఏం చేయను? పెద్దావిడ. పైగా సీరియల్ టైము," అన్నాడు.

పాత ఇంజను ఎత్తు ఎక్కాలంటే నలుగురు దిగి తొయ్యాలి. ఏళ్ల తరబడి కాళ్లావేళ్లా పడగా పురపాలక సంఘం కొత్తది కొంది. కానీ ఛైర్మన్‌గారు రిబ్బను కత్తిరించేదాకా దాన్ని కదపకూడదు. ఆయనకు తీరిక దొరికేదాకా ఊళ్లో నిప్పంటుకోకూడదన్నమాట.

ఎట్టకేలకు ఆ రోజు వచ్చింది. స్టేషన్ ముందు కుర్చీలు వేసి, ఇంజనుకు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. ఫొటోల్లో బాగా పడాలని ఛైర్మన్‌గారు పొద్దున్నే సెలూనుకు వచ్చి, మీసం సన్నగా దిద్దమన్నారు. సెలూనాయన ఒకవైపు దిద్దాడో లేదో, సైరన్ మోగింది. వడ్రంగి షెడ్డులో రంపంపొట్టు అంటుకుందట.

"ఆగవయ్యా! మిగతావాళ్లు వెళ్తారులే," అన్నారు ఛైర్మన్‌గారు.

"బండి నడిపేది నేనేనండీ."

"అయితే పాతది తీసుకెళ్లు. కొత్తదాని జోలికి వెళ్లావంటే బాగుండదు!"

"పాతదాని బ్యాటరీ పీకి కొత్తదానికి పెట్టామండీ. మీరు ఎక్కగానే హారన్ గట్టిగా మోగాలని మీ ఆఫీసువాళ్లే చెప్పారు."

ఛైర్మన్‌గారు నోరు తెరిచేలోపు అతను వీధి మలుపు తిరిగిపోయాడు. రిబ్బను తెంపుకుంటూనే ఇంజను బయటికి దూకింది.

వడ్రంగి షెడ్డు కప్పు కాలింది గానీ, దాని వెనకే ఉన్న అతని ఇల్లు దక్కింది. మంటల ముందు తొణకని సెలూనాయన, తిరిగొచ్చి ఖాళీ కుర్చీలు చూసేసరికి, తెగిన రిబ్బను ముక్కలు ఏరి ముడేయడం మొదలుపెట్టాడు.

అనుకున్నట్టే పురపాలక సంఘం అత్యవసరంగా సమావేశమైంది. మంట గురించి కాదు, రిబ్బను గురించి. "ప్రారంభం కాని ఇంజను మంటలార్పితే అది ఆర్పినట్టు లెక్కకు రాదు," అని తేల్చారు. ఇంజను కడిగించి, ఇంకో రిబ్బను కట్టి, మళ్లీ ప్రారంభించాలన్నారు.

సగం మీసంతో తిరగలేక ఛైర్మన్‌గారు మొత్తం తీయించుకున్నారు. ప్రారంభోత్సవం రోజున గేటు దగ్గర కాపలావాడు ఆయన్ను ఆపి, "ఎవరు కావాలండీ?" అని అడిగాడట. లోపలికి చేరాక రిబ్బను కత్తిరించి, ఇంజను ఇప్పుడు లెక్కలోకి వచ్చింది గనక, వడ్రంగి ఇల్లు కాపాడినందుకు తానే మెడల్ అందుకున్నారు.

ఆ సాయంత్రం సెలూనాయన భార్య నిలదీసింది. "మెడల్ ఆయన వేసుకుంటుంటే మీరు చప్పట్లు కొట్టారా?"

"కొట్టాను. ముందు వరసలో కూర్చోబెట్టారు మరి."

"మీకేమీ అనిపించలేదా?"

"ఎందుకనిపించదు? కానీ పక్క కుర్చీలో వడ్రంగి, వాళ్ల పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్లను చూస్తూ కొట్టాను."

ఆవిడ లేచి కంచం పెట్టింది. "చేతులు కడుక్కుని రండి, అన్నం చల్లారిపోతోంది," అంది.