చార్జర్ల దొంగ వీరభద్రం

మా వీరభద్రం దొంగ. డబ్బు ముట్టడు, బంగారం ముట్టడు. ఆఫీసులో ల్యాప్‌టాప్ చార్జర్లు మాత్రం కొట్టేస్తాడు.

నేను ఊళ్లు పట్టుకు తిరిగేవాణ్ణి. దొంగతనానికి కూడా శాస్త్రం రాసుకున్న దేశంలో పుట్టి, నానా దేశాల దొంగల కథలూ చదివాను. అయినా 2009లో అమెరికాలోని మోరిస్‌విల్‌కి ఈ స్నేహితుణ్ణి చూడ్డానికి వెళ్లి, ఆఫీసు బయట అతని కోసం కార్లో కూర్చుంటే, నెరిసిన జుట్టూ తానూ పరుగెత్తుకొచ్చాడు. కోటులోంచి నల్లటి తీగ పాములా వేలాడుతోంది. అలాంటి దొంగని ఏ కథలోనూ చదవలేదు.

"ఏమిట్రా అది?"

"మా ఆఫీసు కుర్రాడు నిశాంత్‌ది. కారు పోనియ్, పోనియ్!"

"ఈ వయసులో నాకు అమెరికా జైలు చూపిస్తావా?"

"అన్నీ చూశావుగా, అదొక్కటే ఎందుకు మిగలాలి?"

ఇంటికెళ్లి అతని భార్య కృష్ణకుమారితో చెప్పేద్దామనుకున్నాను. ఆవిడ తీగ వంక చూసి, "ఇవాళ ఎవరిదండీ?" అని, కుక్కర్లో ఇంకో గ్లాసు బియ్యం పోసింది. ఇల్లాలు కూడా ముఠాలో మనిషే!

కాసేపటికే తలుపు దబదబ మోగింది. నిశాంత్. ఎర్రటి కళ్లు, చంకలో ల్యాప్‌టాప్.

"అంకుల్, ప్లీజ్! చార్జర్ ఇయ్యండి. రేపు సాఫ్ట్‌వేర్ రిలీజ్. జాబ్ పోతే వీసా పోతది!"

"ఎప్పుడు పడుకున్నావురా?" అడిగాడు వీరభద్రం.

"యాదికి లేదు. పొద్దున డ్రైవ్ చేస్తుంటే కునుకు పట్టింది, కారు ఫుట్‌పాత్ ఎక్కింది. చార్జర్ ఇయ్యండి."

కారు మాటా, చార్జర్ మాటా ఒకే గొంతుతో అన్నాడు. దొంగతనానికి కూడా నేను ఇంత హడలిపోలేదు.

"తింటే ఇస్తా," అన్నాడు వీరభద్రం.

"బ్లాక్‌మెయిలా అంకుల్?"

"అవును. పప్పు, దొండకాయ వేపుడు."

కృష్ణకుమారి నాతో మెల్లగా అంది: "వీళ్ల ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు అన్నయ్యగారూ. ముందు లేచి ఇంటికెళితే ముందు తీసేస్తారని భయం. వెళ్లమంటే ఒక్కడూ కదలడు. చార్జర్ కోసమైతే ఇంతదూరం వస్తారు."

నిశాంత్ పెరుగన్నం దాకా రాలేదు. కుర్చీలోనే ఒరిగిపోయాడు. సోఫాలో పడుకోబెట్టాం. వాళ్లిద్దరిదీ ఒకే టీమ్. వీరభద్రం తన ల్యాప్‌టాప్ తెరిచి, కుర్రాడికి మిగిలిన పని తానే మొదలుపెట్టాడు.

పొద్దున మొహాన ఎండ పడగానే నిశాంత్ కెవ్వున లేచాడు. "నా రిలీజ్!"

"నువ్వు గురకపెడుతుంటే నేనే పూర్తిచేసి పంపేశా. ఉప్మా తిను."

చార్జర్ అందుకుని, ఏడవాలో నవ్వాలో తెలియక, రెండోసారి ఉప్మా పెట్టించుకున్నాడు.

ఇలా అందరి పనులూ నెత్తినేసుకుని వీరభద్రం తానే ఆఫీసులో ఆలస్యం చేయడం మొదలుపెట్టాడు. తర్వాతి వారం ఒక సాయంత్రం ఫోన్ చేశాడు.

"ఒరే, ఘోరం జరిగిపోయింది! నా చార్జర్ ఎవడో కొట్టేశాడు! ఏం ఆఫీసురా ఇది, ఏం మనుషులురా వీళ్లు!"

వెనకనుంచి నిశాంత్ గొంతు వినిపించింది.

"మా అపార్ట్‌మెంట్‌కి రండి అంకుల్. కోడిగుడ్డు కూర వండిన. తిన్నాకనే ఇస్తా."