ఫిర్యాదు రాని ఇల్లు

ప్రొద్దుటూరులో ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఆఫీసులో నేను చేరేనాటికి, గోడ మీద ఒక పెద్ద ఫ్లెక్సీ ఉండేది. జమ్మలమడుగు, పులివెందుల వైపు పోయే మా లైన్లన్నీ దాని మీద గీసి ఉన్నాయి. అది అచ్చు వేయించిన తర్వాత రోడ్లు వెడల్పయ్యాయి, స్తంభాలు మారాయి, ఇళ్లకు నెట్టు పంచే మా స్విచ్చి పెట్టెలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోయాయి. ఫ్లెక్సీ జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

లైన్ల పని చూసే సూపర్‌వైజరు మా నాన్న ఈడువాడు. ఆయన్ని మామా అని పిలిచేదాన్ని. ఎక్కడ ఏం తెగిందో ఎలా తెలుస్తుందని మొదటిరోజే అడిగాను.

"ఫోన్ వస్తే తెలుస్తాది మ్మా. ఎవురు గట్టిగా అరిస్తే వాళ్ల ఇంటికి ముందు పోతాం" అన్నాడు నవ్వుతూ.

ఆ పద్ధతి మార్చడానికే నన్ను తీసుకున్నారు. ప్రతి స్విచ్చి పెట్టెకూ తన పక్కన ఏ పెట్టె తగులుకుని ఉందో తెలుస్తుంది. అడిగినప్పుడు ఆ సంగతి చెప్పేలా ఒక్కొక్క దాంట్లో సెట్టింగు మార్చాలి. ఆ తర్వాత మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ కొన్ని నిమిషాలకొకసారి అన్నింటినీ పలకరించి, వచ్చిన జవాబులను బట్టి పటం తనే గీసుకుంటుంది. కొత్త పెట్టె తగిలిస్తే కొత్త చుక్క వస్తుంది. జవాబు రాకపోతే ఆ చుక్క ఎర్రబడుతుంది.

చెప్పినంత సులభంగా జరగలేదు. పులివెందుల పెట్టెల పాస్‌వర్డులు తెలిసినవాడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. మామ బైకు మీద వెనక కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఊరూరా తిరిగాను. చివరికి ఆఫీసు టీవీలో పటం వచ్చిననాడు మామ దాని ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. "మనం ఇంత దూరం లాగినామా మ్మా వైర్లు!" అన్నాడు.

శ్రావణమాసంలో ఒక విషయం నా కంటబడింది. జమ్మలమడుగులో ఒక వీధి చివర ఉన్న పెట్టె ప్రతి శుక్రవారం సాయంత్రం ఎర్రబడుతోంది. సోమవారం పొద్దున మళ్లీ పచ్చగా అవుతోంది. దాని మీద ఉన్నవి రెండే ఇళ్లు. ఆ రెండిళ్ల నుంచీ ఎప్పుడూ ఒక్క ఫోన్ కూడా రాలేదు.

"వాళ్లకు లేని బాధ నీకెందుకు మ్మా?" అన్నాడు మామ. అయినా శనివారం బండి తీశాడు.

పెట్టె ఉన్నది ఒక రైతు ఇంట్లో. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి వరండాలో ఒకామె మిషను కుడుతోంది. వెనక గోడకు బైబిలు వాక్యాల క్యాలెండరు. పలకరించాను. తలెత్తలేదు. దగ్గరికి వెళ్లి నిలబడితే నా నీడ చూసి లేచింది. చెవి చూపించి, వినపడదని చెయ్యి ఊపింది. ఫోన్ ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది.

మా చొక్కాల మీద ఆఫీసు గుర్తు చూడగానే లోపలికి పరుగెత్తి ట్యాబు తెచ్చింది. వీడియో కాల్ తెరిచి, అక్కడ గుండ్రంగా తిరుగుతున్న గుర్తు చూపించింది. తర్వాత పక్కింటి వైపు తిరిగి బుగ్గలు పూరించి, భుజాన గద పెట్టుకున్నట్టు నిలబడింది. స్టీరింగు తిప్పింది. గోడకు ఉన్న మెయిన్ స్విచ్చి టక్కున దించినట్టు చూపించింది.

మామ పక్కున నవ్వాడు. "గండి ఆంజనేయస్వామి గుడికి పోయినాడంట మ్మా! పోతా పోతా కరెంటు ఆపేసి పోయినాడు."

సోమవారం మళ్లీ వెళ్లాం. రైతు, ఆయన భార్య అప్పుడే వచ్చి కాఫీ తాగుతున్నారు. శ్రావణ శనివారాలు స్వామి దర్శనం చేసుకుని, ఆదివారం పులివెందులలో కూతురింట్లో ఉండి వస్తారట.

"ఒకసారి షార్టు సర్క్యూటై మా గడ్డివామి కాలిపోయింది. ఆ బయానికి యాడికి పోయినా మెయిన్ ఆపేస్తా. అయినా మా ఇంట్లో ఎవురూ లేనప్పుడు నెట్టు యాల?" అన్నాడు.

ఆ పెట్టె నుంచే పక్కింటికీ వైరు పోతోందని చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"నేను కారెక్కేటప్పుడల్లా ఆయమ్మ వాకిట్లోకొచ్చి రెండు చేతులూ ఊపుతాంటాది. బాగా పోయి రమ్మంటాందనుకున్న్యా. నేనూ చెయ్యి ఊపి పోతాంటి" అన్నాడు. పక్కింటి వైపు చూసి లేచాడు. "ఆ బాక్సు తీసకపోయి ఆయమ్మ ఇంట్లోనే పెట్టండప్పా. నా ఇంటికి ఆన్నుంచి వైరు లాగండి."

మామ మధ్యాహ్నానికల్లా పెట్టెను ఆమె వరండాలో బిగించాడు. వెంటనే ఆమె వీడియో కాల్ చేసింది. అవతల పులివెందులలో అలాంటి ముఖమే ఉన్న ఇంకొకామె. ఆమె చెల్లెలు, ఆమెకూ వినపడదు. ఇద్దరూ ఆదివారాలు పని మానుకుని, ఒకరి చేతులు ఒకరు చూస్తూ ప్రార్థన చేసుకుంటారని, కుటుంబం ముచ్చట్లన్నీ ఆరోజే చెప్పుకుంటారని రైతు భార్య చెప్పింది. ఆ శ్రావణమంతా చెల్లెలు ఆదివారాలు ట్యాబు ముందు ఎదురుచూసి ఉంటుంది.

ఇద్దరి చేతులూ ఎంత వేగంగా కదిలాయంటే నాకు కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు. మధ్యలో అక్క నన్ను చూపించి ఏదో చెప్పింది. చెల్లెలు విరగబడి నవ్వింది. నా గురించి ఏమన్నదో ఇప్పటికీ తెలియదు. నేనూ నవ్వాను.

రైతు గుమ్మంలో నిలబడి, తన చేతులు ఏం చేయాలో తెలియనట్టు ఒకసారి జోడించి, మళ్లీ దించేసుకున్నాడు. ఆమె గమనించి ఆయనకు కుర్చీ వేసింది.

ఆ తర్వాత ఆఫీసులో నేను అడిగింది ఒక్కటే. పటంలో ఏ చుక్క ఎర్రబడినా, ఫోన్ వచ్చినా రాకపోయినా, మనిషి వెళ్లాలి. ఓనరు మొదట గొణిగినా ఒప్పుకున్నాడు.

ఆమధ్య ఎర్రగుంట్ల రోడ్డులో సిమెంటు లారీ ఒకటి మా వైరు తెంపేసింది. జమ్మలమడుగు సగం ఎర్రబడింది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. వైరు అతికించాక అన్నీ పచ్చబడ్డాయి, ఆమె వీధి తప్ప. నేను చెప్పేలోపే మామ నిచ్చెన బండికి కట్టుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం వచ్చాక చొక్కా ముందుకు లాగి చూపించాడు. "గుండీ ఊడిపోయి ఉండె మ్మా. నేను నిచ్చెన దిగేదాకా ఆగి, కుట్టి పంపించింది."